చుక్కి నిద్ర, బొంతయ్య కాపలా

దుప్పటికోన అని ఒక అడవి ఉండేది. చలికాలం వచ్చిందంటే చాలు, కొండల మీది నుంచి పొగమంచు దిగి అడవినంతా దుప్పటిలా కప్పేసేది. అందుకే ఆ పేరు. ఆ అడవిలో ఎలుగుబంటి బొంతయ్య, కొండముచ్చు తోకయ్య, ఉడుము పట్టమ్మ, ముళ్లపంది సూదయ్య ఉండేవాళ్లు. కుందేళ్లు, ఉడతలు, అడవికోళ్లు సరేసరి. వాటికి లెక్కే లేదు.

బొంతయ్యకు ఒళ్లంతా బొంతలాగా జుట్టు. మనసు మాత్రం వెన్న. తోకయ్యకు తోక ఎంత పొడుగో మాట అంతకంటే పొడుగు. అడవిలో పెళ్లయినా పేరంటమైనా పెద్దరికం ఆయనదే. ఇక పట్టమ్మ సంగతి చెప్పేదేముంది? ఉడుము పట్టు అని ఊరికే అనలేదు పెద్దవాళ్లు. ఆమె పట్టుకున్న రాయినీ వదలదు, అన్న మాటనూ వదలదు.

ఆ అడవిలో ఒక ఆచారం ఉండేది. ఎవరు ప్రయాణమైనా ఖాళీ కడుపుతో సాగనంపకూడదు. వలసపోయే కొంగ అయినా సరే, పక్క కొండకు కాపురానికి వెళ్లే కుందేలు పిల్ల అయినా సరే, విందు పెట్టాల్సిందే. "ఇంకొక్కటి, నా మాట విని ఇంకొక్కటి" అని కొసరి కొసరి తినిపించాల్సిందే. వద్దన్నా వదిలేవాళ్లు కాదు. ఒకసారి ఒక కొంగ అలా తిని తిని, రెక్కలు ఆడించినా పైకి లేవలేక, పాపం కొండ దిగేదాకా నడిచే వెళ్లింది. అయినా ఆచారం ఆచారమే!

ఒక మధ్యాహ్నం బొంతయ్య ఇప్పచెట్టు కింద వెల్లకిలా పడుకుని గురకపెడుతున్నాడు. పైన ఒక గద్ద పోతోంది. దాని కాళ్లలో ఒక చిన్న తాబేలు ఉంది. ఎక్కడో దూరాన, వెచ్చటి మైదానంలో పట్టుకొచ్చింది దాన్ని. గద్దకు పట్టు తప్పింది. తాబేలు గిరగిరా తిరుగుతూ వచ్చి ధబ్బున బొంతయ్య బొజ్జ మీద పడింది.

"అమ్మో! కొండ విరిగి పడింది!" అని బొంతయ్య లేచి కూర్చున్నాడు.

"కొండ కాదండీ, నేనండీ," అంది డిప్పలోంచి ఒక చిన్న గొంతు.

బొంతయ్య వంగి చూశాడు. నల్లటి డిప్ప మీద పసుపు గీతలు చుక్కల ముగ్గులా విచ్చుకుని ఉన్నాయి. ఆయన మనసు అక్కడికక్కడే కరిగిపోయింది.

"నీ పేరు చుక్కి. నా బొజ్జ మీద పడ్డావు కాబట్టి నువ్వు నా మేనకోడలివి. ఇక ఎక్కడికీ వెళ్లొద్దు," అన్నాడు.

"అలాగే మామా," అంది చుక్కి. అంత ఎత్తు నుంచి పడ్డాక దానికీ ఎక్కడికీ వెళ్లాలని లేదు.

ఆ రోజు నుంచి బొంతయ్యకు ఒకటే పని. పొద్దున లేస్తే లేత గడ్డి, మధ్యాహ్నం మందారాకులు, సాయంత్రం రాలిన పళ్లు. చుక్కి ముద్ద మింగేలోపు ఇంకో ముద్ద సిద్ధం. చుక్కికి కడుపు నిండినా చెప్పేది కాదు. మామ మనసు నొచ్చుకుంటుందేమో అని మొహమాటం. మొహమాటం మీద ఒక ముద్ద, మామ ముచ్చట మీద ఇంకో ముద్ద. అలా వానాకాలం గడిచిపోయింది. చుక్కి బాగా బలిసింది.

కార్తీకం వచ్చింది. కొండల మీద మొదటి మంచు కనబడింది.

చుక్కి నడక తగ్గింది. తిండి తగ్గింది. ఎండ ఎక్కేదాకా తల బయటికి పెట్టేది కాదు. పెట్టినా ఒక కన్ను తెరిచి, గడ్డిని చూసి, మళ్లీ మూసేసేది.

బొంతయ్యకు గుండె జారిపోయింది. ఆ కోనలో ఎలుగుబంట్లు చలికాలమంతా తిరుగుతూనే ఉంటాయి. నెలల తరబడి నిద్రపోయే సంగతి ఆయనకు తెలియదు. పరుగున వెళ్లి తోకయ్యను పిలుచుకొచ్చాడు.

తోకయ్య చుక్కిని అటు తిప్పి ఇటు తిప్పి చూశాడు. డిప్ప మీద టకటకా తట్టాడు.

"ఏముంది? నీరసం! తిండి చాలడం లేదు. రెండింతలు పెట్టు," అన్నాడు.

"తినడమే లేదు తోకయ్యా!"

"తినకపోతే నోరు తెరిచి పెట్టు. నా తోక ఇంత పొడుగు ఎలా పెరిగిందనుకున్నావు? తిండి వల్ల!"

పక్కనే బండ మీద పట్టమ్మ ఎండ కాచుకుంటోంది. ఆమె నాలుక ఒకసారి బయటికి తీసి గాలిని రుచి చూసింది.

"పిల్ల తినకపోతే మంచిదే," అంది.

బొంతయ్యకు కోపం వచ్చింది. "అదేం మాట అత్తా! పగవాళ్లు కూడా అనరు!"

"పగవాళ్లు పెట్టినంత తినమంటారురా, నేను ఆపమంటున్నాను. దానికి జబ్బు లేదు, నిద్ర వస్తోంది. చలినిద్ర. నాకూ వస్తుంది ఏటేటా. నీ రక్తం ఎప్పుడూ వెచ్చన. మా రక్తం అలా కాదు, బయట చలి వేస్తే లోపలా చలి వేస్తుంది. అప్పుడు కాళ్లు ఆగుతాయి, కడుపూ ఆగుతుంది. ఆగిన కడుపులో తిండి ఉంటే ఏమవుతుంది?"

"ఏమవుతుంది?"

"తొట్టిలో నిలవున్న గడ్డి ఏమవుతుంది? కుళ్లుతుంది. పిల్ల నిద్రలోనే పోతుంది."

బొంతయ్య గబుక్కున చుక్కిని దగ్గరికి తీసుకున్నాడు.

తోకయ్య మాత్రం ఎగిరి కొమ్మ ఎక్కాడు. "విన్నారా అందరూ! చలికాలమంతా సాగే నిద్ర అట. అంటే ఎంత పెద్ద ప్రయాణం! అంత ప్రయాణానికి పిల్లను ఖాళీ కడుపుతో పంపాలట! దుప్పటికోన పరువు ఏం కావాలి? పెద్ద విందు నేనే దగ్గరుండి జరిపిస్తాను."

"జరిపించు. ఆ పిల్ల తప్ప అందరూ తినండి," అంది పట్టమ్మ.

"ప్రయాణం పిల్లది, భోజనం మాదా? అలాంటి విందు ఎక్కడైనా ఉందా?"

"నువ్వు తినని విందు ఎక్కడైనా ఉందా తోకయ్యా?"

ఉడతలన్నీ కిచకిచమని నవ్వాయి. తోకయ్య ముఖం నల్లబడింది. మామూలుగానే నలుపు కాబట్టి ఎవరికీ తెలియలేదు.

బొంతయ్య చుక్కి దగ్గర కూర్చుని మెల్లగా అడిగాడు. "అమ్మడూ, నిజం చెప్పు. ఆకలిగా ఉందా?"

చుక్కి ఒక కన్ను తెరిచింది. "లేదు మామా. నిద్రే," అంది.

సరే, పట్టమ్మ చెప్పినట్టే చేద్దామని బొంతయ్య ఒప్పుకున్నాడు. ఆ రోజు నుంచి చుక్కికి తిండి బంద్. నీళ్లు మాత్రం వద్దనలేదు. మధ్యాహ్నపు ఎండకు వాగు పక్కన రాతిగుంట కాస్త గోరువెచ్చగా అయ్యేది. పట్టమ్మ రోజూ చుక్కిని అందులో గడ్డం మునగకుండా కూర్చోబెట్టేది. చుక్కి కడుపారా నీళ్లు తాగేది. పాత తిండి బయటికి పోయేది. నిద్రకు ముందు కడుపు కడిగిన కుండలా ఉండాలి, ఒంట్లో నీరు మాత్రం నిండుగా ఉండాలి. పట్టమ్మ పద్ధతి అదీ.

అంతా బాగానే ఉంది. కానీ బొంతయ్యకు ముద్ద దిగడం లేదు.

పిల్ల తినకుండా కూర్చుంటే తను తేనెపట్టు పిండుకుని తాగడమా? ఒకరోజు సీతాఫలం ఒకటి బాగా పండి చేతికి దొరికింది. పట్టమ్మ అటు తిరగ్గానే దాన్ని విప్పి చుక్కి ముందు పెట్టాడు.

"ఒక్కటే అమ్మడూ. ఒక్క పండుకు ఏమవుతుంది? మామ కోసం తినవూ?"

చుక్కికి అసలు ఆకలి లేదు. కానీ మామ కళ్లలోకి చూసింది. అదే పాత మొహమాటం! తినేసింది.

మర్నాడు రాతిగుంటలో కూర్చోబెట్టగానే పట్టమ్మ నాలుక బయటికి తీసింది. ఒక్కసారి కాదు, మూడుసార్లు తీసింది.

"సీతాఫలం," అంది.

బొంతయ్య ఆకాశంలోకి చూశాడు.

"పైకి చూడకు, నాకేసి చూడు! పండు ఎవరు పెట్టారు?"

"ఒక్కటే పెట్టానత్తా..."

"కొండ మీద చలి ముదురుతోంది. ఇన్నాళ్ల కష్టం మళ్లీ మొదటికొచ్చింది. ఈ కడుపు ఖాళీ అయ్యేలోపు గడ్డకట్టే మంచు దిగితే ఏం చేస్తావు? పండు తిరిగి తీసుకుంటావా?"

అప్పుడు బొంతయ్యకు అర్థమైంది. తను ప్రేమగా పెట్టిన పండే పిల్ల ప్రాణానికి ముప్పు అయ్యేలా ఉంది. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి.

చుక్కి తల బయటికి పెట్టింది. "తప్పు నాది కూడా అత్తా. వద్దని చెప్పలేకపోయాను."

"చెప్పడం నేర్చుకో. వద్దు అనేది బూతుమాట కాదు," అంది పట్టమ్మ.

ఆ తర్వాత బొంతయ్య తన దగ్గర ఉన్న పళ్లన్నీ ఉడతలకు ఇచ్చేశాడు. రోజూ తనే చుక్కిని రాతిగుంటకు మోసుకెళ్లాడు. పైన మంచు ఒక్కో కొండా దిగి వస్తోంది. ఆయన ఉదయం లేవగానే మంచు ఎందాక వచ్చిందో చూసేవాడు. తర్వాత చుక్కిని చూసేవాడు. అదృష్టం, ఆ ఏడు మంచు కాస్త బద్ధకించింది. చివరికి పట్టమ్మ ఒక మధ్యాహ్నం నాలుక తీసి చూసి, "కుండ కడిగినట్టుంది," అంది. బొంతయ్య ఎగిరి గంతేశాడు. ఎలుగుబంటి గంతేస్తే అడవికోళ్లన్నీ ఒకేసారి ఎగిరిపోయాయి.

ఇక పడక కావాలి.

"నా గుహలో, నా బొచ్చులో పడుకోబెట్టుకుంటాను. వెచ్చగా ఉంటుంది," అన్నాడు బొంతయ్య.

"వెచ్చదనమే వద్దు," అంది పట్టమ్మ.

పిల్లలూ, ఇక్కడ కాస్త జాగ్రత్తగా వినండి. నిద్రపోయే తాబేలు ఒంట్లో కొవ్వు దీపంలో నూనెలాంటిది. వత్తి తగ్గించి పెడితే చలికాలమంతా వెలుగుతుంది. వెచ్చబెడితే వత్తి పెంచినట్టే. నూనె మధ్యలోనే అయిపోతుంది. అలాగని గడ్డకట్టే చలిలో పెట్టినా దీపం ఆరిపోతుంది. చల్లగా ఉండాలి, గడ్డకట్టకూడదు. పొడిగా ఉండాలి, మరీ ఎండిపోకూడదు. ఆ మధ్య చోటు వెతకడమే గొప్ప!

పట్టమ్మ ఎండ తగలని ఒక మట్టిగట్టు చూపించింది. వాగు పొంగినా అక్కడికి నీళ్లు రావు. ముళ్లపంది సూదయ్య దాని లోపలికి లోతుగా బొరియ తవ్వాడు.

"ఇంకా లోతు," అంది పట్టమ్మ.

"ఇంకా తవ్వితే అవతలి కొండలో తేలతాను అత్తా!"

"తేలితే అక్కడ ఎలా ఉందో వచ్చి చెప్పు. తవ్వు."

సూదయ్య గొణుక్కుంటూ తవ్వాడు. అడుగున ఎండుటాకులు మెత్తగా పరిచారు. గాలి ఆడేటట్టు, పందికొక్కు దూరలేనట్టు వాకిలికి రాళ్లు పేర్చాలని అనుకున్నారు. నిద్రలో ఉన్న తాబేలు కాళ్లను పందికొక్కులు కొరికేస్తాయి. అది లేచి పారిపోలేదు కదా!

అప్పుడు పట్టమ్మ బొంతయ్యను పిలిచింది. "ఒక అరచేతిలో చుక్కిని పెట్టుకో. రెండో అరచేతిలో రాళ్లు మార్చి మార్చి చూడు. సరిగ్గా అంతే బరువున్న రాయి ఒకటి దాచుకో."

బొంతయ్య వాగులోని రాళ్లన్నీ ఎత్తి చూసి, ఒక గుండ్రటి రాయి ఎంచుకున్నాడు.

"నేనూ నా బొరియలోకి పోతున్నాను. ఇక ఎండ గట్టిపడేదాకా పిలిచినా పలకను. నీకు అనుమానం వస్తే, మెల్లగా పిల్లను తీసి రాయితో తూచి చూడు. కాస్త తగ్గితే భయం లేదు. ఎండిన సొరకాయలా తేలికైపోతేనే భయం. ఇంకా అనుమానమైతే వెనకకాలు వేలితో తాకు. ప్రాణముంటే కాలు లోపలికి లాక్కుంటుంది. కానీ ఓపిక పట్టు. అది తాబేలు, అందులోనూ నిద్రలో ఉన్న తాబేలు. అంతేగానీ ఎండలో పెట్టకు, తినిపించకు, ఊపకు."

"నాకు భయమేస్తే ఎవరితో చెప్పుకోను అత్తా?"

"రాయితో చెప్పుకో," అని పట్టమ్మ బొరియలోకి వెళ్లిపోయింది.

చుక్కి ఆకుల్లో సర్దుకుంది. "మామా, నేను లేచేసరికి నువ్వు ఉంటావా?"

"ఎక్కడికి పోతాను? నీ వాకిలి ముందే ఉంటాను."

చుక్కి కాళ్లు, తల లోపలికి లాక్కుంది. బొంతయ్య రాళ్లు పేర్చాడు. ఆ మర్నాడే దుప్పటికోన మీద మంచు దుప్పటి దిగింది.

రోజులు గడిచాయి. బొంతయ్య ఎక్కడికి వెళ్లినా త్వరగా తిరిగి వచ్చేవాడు. పందికొక్కులు వస్తే గుర్రుమనేవాడు. తక్కిన వేళల్లో రాయిని ఒళ్లో పెట్టుకుని కబుర్లు చెప్పేవాడు. "ఈరోజు చెదపుట్ట దొరికిందమ్మా. రుచి ఫరవాలేదు," అనేవాడు. రాయి ఏమీ అనేది కాదు. ఆయనకు అదే ధైర్యం.

తోకయ్యకు మాత్రం ఇది గుండెలో ముల్లు. ఎన్నడూ లేనిది ఆయన విందు ఒకటి ఆగిపోయింది! పైగా ఉడతలు నవ్వాయి.

చలికాలం సగం గడిచింది. ఒక ఉదయం బొంతయ్య చెదపుట్టల కోసం పై కొండకు వెళ్లాడు. అది చూసి తోకయ్య గట్టు దగ్గరికి వచ్చాడు. రాళ్లు తీసేశాడు. చేయి పెట్టి చుక్కిని బయటికి లాగాడు. పిలిచాడు, పలకలేదు. ఊపాడు, కదలలేదు. డిప్ప చల్లగా బండలా ఉంది.

తోకయ్య చెట్టెక్కి అడవంతా వినబడేలా గొంతెత్తాడు. "అయ్యో! అయ్యయ్యో! చుక్కి పోయిందర్రా! ఆకలితో మాడి పోయింది! నేను ముందే చెప్పాను, విన్నారా!"

అందరూ పరుగెత్తుకొచ్చారు. కుందేళ్లు కళ్లు తుడుచుకున్నాయి. అడవికోళ్లు ముక్కు చీదాయి.

"ఏడవండి, ఏడవండి. కానీ బతికుండగా విందు పెట్టని పాపం ఇప్పుడైనా కడుక్కోవాలి. పెద్దకర్మ భోజనం ఘనంగా జరగాలి. మీ మీ ఇళ్లలో దాచుకున్నవన్నీ తీసుకురండి," అన్నాడు తోకయ్య.

పాపం, చలికాలానికి దాచుకున్న గింజలు ఉడతలు తెచ్చాయి. కుందేళ్లు దుంపలు తెచ్చాయి. సూదయ్య వేళ్లు, గడ్డలు తెచ్చాడు. అన్నీ గట్టు పక్కనున్న బండ మీద కుప్ప పోశారు. తోకయ్య ఒక్కోటి రుచి చూడడం మొదలుపెట్టాడు. "పోయినవాళ్ల పేరు మీద పెట్టేది. పుచ్చు ఉండకూడదు కదా!" అని మళ్లీ మళ్లీ రుచి చూశాడు.

అంతలో బొంతయ్య వచ్చాడు.

చుక్కి బండ మీద ఉంది. చుట్టూ అందరూ ఏడుస్తున్నారు. ఆయన వాకిలి పక్కనే కూలబడిపోయాడు.

"నువ్వే చంపావు," అన్నాడు తోకయ్య నోటినిండా గింజలతో. "ఆ ఉడుము మాట విని, ముద్దయినా పెట్టకుండా చంపావు."

ఆ మాట బాణంలా తగిలింది. నిజమేనేమో! ఆ ఒక్క సీతాఫలం కాకుండా ఇంకో పది పెట్టి ఉంటే బతికేదేమో! బొంతయ్య తల పట్టుకున్నాడు. పట్టమ్మను పిలుద్దామంటే ఆమే నిద్రలో ఉంది. అడగడానికి ఎవరూ లేరు.

చేతికి చల్లగా ఏదో తగిలింది. పొద్దున అక్కడే వదిలి వెళ్లిన రాయి!

బొంతయ్య కళ్లు తుడుచుకున్నాడు. లేచాడు. ఒక అరచేతిలో చుక్కిని పెట్టుకున్నాడు. రెండో అరచేతిలో రాయి పెట్టుకున్నాడు. కళ్లు మూసుకున్నాడు.

"ఇంచుమించు అదే బరువు. సొరకాయ కాలేదు. నా చుక్కి పోలేదు!" అన్నాడు.

"బరువుంటే ప్రాణమున్నట్టేనా? రాయికీ బరువుంది. రాయికి ప్రాణముందా?" అన్నాడు తోకయ్య.

ఆ మాట నిజమే అనిపించి అందరూ తలలూపారు.

బొంతయ్య చుక్కిని మెల్లగా నేల మీద పెట్టాడు. గోరు తగలకుండా వేలి మెత్తతో వెనకకాలు తాకాడు. చూశాడు.

ఏమీ లేదు.

"చూశారా?" అన్నాడు తోకయ్య.

"ఆగు," అన్నాడు బొంతయ్య.

ఇంకాసేపు గడిచింది. ఒక కుందేలు మళ్లీ ఏడుపు మొదలుపెట్టింది.

"ఎంతసేపయ్యా! తెచ్చినవి చల్లారిపోతున్నాయి!"

"గింజలు చల్లారేదేమిటి తోకయ్యా? నోరు మూసుకుని ఆగు. నా చుక్కి మెలకువలోనే ఏ పనీ తొందరగా చేయదు. నిద్రలో చేస్తుందా?"

అందరూ ఊపిరి బిగపట్టి చూశారు. కాలు అలాగే ఉంది. అలాగే ఉంది. అప్పుడు మెల్లగా, గడ్డిపోచ ఎదిగినంత మెల్లగా, కాలు లోపలికి పోయింది.

"పోయింది! పోయింది!" అని అరిచింది కుందేలు.

"ఎవరు పోయారు?" అని ఉలిక్కిపడ్డాడు సూదయ్య.

"కాలు! కాలు లోపలికి పోయింది! బతికే ఉంది!"

అడవంతా కేరింతలు కొట్టింది. తోకయ్య వెంటనే మాట మార్చాడు. "బతికుంటే ఇంకేం! ఎండలో పెట్టి లేపుదాం. ఇవన్నీ తినిపిద్దాం. పెద్దకర్మ కాకపోతే పుట్టినరోజు విందు!"

బొంతయ్య రెండు కాళ్ల మీద నిలబడ్డాడు. ఆయన అంత ఎత్తు ఉంటాడని అప్పటిదాకా ఎవరికీ తెలియదు.

"వద్దు," అన్నాడు. "ఆకలైనప్పుడు అదే అడుగుతుంది. అప్పటిదాకా నా చుక్కిని ముట్టుకున్నవాళ్లు నా పంజా చూస్తారు. ఇది ఉడుము పట్టు!"

ఎవరూ ముట్టుకోలేదు. ఆయన చుక్కిని బొరియలో ఆకుల మధ్య పెట్టాడు. రాళ్లు మళ్లీ పేర్చాడు. ఈసారి సూదయ్య వచ్చి, వాకిలికి వీపు ఆనించి పడుకున్నాడు. వీపు నిండా ముళ్లు. ఇక ఏ కొండముచ్చు చేయి పెడుతుంది?

ఉడతలు తమ గింజలు వెనక్కి తీసుకుందామని చూస్తే సగం కుప్ప మాయం!

"తోకయ్య తాతా, మా గింజలేవి?"

"నాకేం తెలుసు? గాలికి పోయి ఉంటాయి," అని తోకయ్య గంభీరంగా కొమ్మ మీదికి ఎగిరాడు. ఎగిరాడు గానీ, కడుపు ఎగరలేదు. కొమ్మ దాకా చేయి వెళ్లింది, మిగతా తోకయ్య వెళ్లలేదు. దబ్బున కింద ముళ్లపొదలో పడ్డాడు.

ఆ సాయంత్రం నుంచి ఆయన కడుపు రాయిలా గట్టిపడింది. చలికి మూలుగుతూ చెట్టు కింద పడి ఉన్నాడు. బొంతయ్యే దొప్పలో నీళ్లు తెచ్చి పట్టాడు.

"ఏదైనా తింటే తగ్గుతుందేమో," అన్నాడు తోకయ్య నీరసంగా.

"లంఖణం పరమౌషధం తోకయ్యా," అన్నాడు బొంతయ్య. "కడుపు ఖాళీ కానివ్వు."

ఆకు కూడా ముట్టకుండా తోకయ్య చాలా రోజులు పడుకున్నాడు. పాపం, అందరూ తింటుంటే చూస్తూ!

కాలం తిరిగింది. మోదుగచెట్లు ఎర్రగా పూశాయి. ఎండ గట్టిపడింది. పట్టమ్మ బయటికి వచ్చి, బండ మీద పడుకుని ఒళ్లు వెచ్చబెట్టుకుని, నేరుగా గట్టు దగ్గరికి వచ్చింది. బొంతయ్య వాకిలి ముందే ఉన్నాడు. ఒళ్లో రాయి, పక్కన లేత గడ్డి కట్ట.

"గడ్డి ఎందుకు?" అంది పట్టమ్మ.

"ఊరికే... దగ్గర ఉంచాను. ముందు నీళ్లేగా అత్తా. నాకు తెలుసు."

లోపల ఆకులు గలగలమన్నాయి. ఒక చిన్న ముక్కు బయటికి వచ్చింది. తర్వాత ఒక కన్ను. తర్వాత ఇంకో కన్ను.

"మామా, ఉన్నావా?"

"ఉన్నాను తల్లీ!" అన్నాడు బొంతయ్య.

ఆయన చుక్కిని రాతిగుంటకు మోసుకెళ్లాడు. ఎండకు నీళ్లు గోరువెచ్చగా ఉన్నాయి. చుక్కి తాగింది, ఆగింది, మళ్లీ తాగింది. బొంతయ్య చేతులు గడ్డి వైపు వెళ్లబోయాయి. ఆయన వాటి మీదే కూర్చున్నాడు. అడగలేదు, కొసరలేదు. ఒక మాట కోసం ఎదురుచూశాడు.

మర్నాటి ఎండ బాగా ఎక్కాక చుక్కి తల పైకెత్తింది.

"మామా, ఆకలేస్తోంది."

చలికాలమంతా ఎదురుచూసిన మాట! బొంతయ్య గడ్డి ముందు పెట్టాడు. చుక్కి కడుపునిండా తింది. తర్వాత ఆయన ఇంకో కట్ట అందుకున్నాడు.

"వద్దు మామా, చాలు," అంది చుక్కి.

పట్టమ్మ పకపకా నవ్వింది. బొంతయ్య కూడా నవ్వి, ఆ కట్ట తన నోట్లోనే పెట్టుకున్నాడు. రుచి ఏమీ బాగాలేదు. అయినా సంతోషంగా నమిలాడు.

వానాకాలం వచ్చేసరికి చుక్కి రాయి కంటే బరువైంది. బొంతయ్య ఆ రాయిని పారేసి, ఇంకాస్త పెద్ద రాయి తెచ్చుకున్నాడు. దుప్పటికోనలో సాగనంపే ఆచారం ఇప్పటికీ ఉంది. కానీ విందు పెట్టే ముందు, "ఆకలిగా ఉందా?" అని అడుగుతారు. అడిగే పని తోకయ్యదే. ఎవరైనా లేదంటే, ఇంకొక్క ముద్ద కూడా కొసరడు.

నీతి: మనకు తోచింది పెట్టడం ప్రేమ కాదు, ఎదుటివారికి ఏది మేలో తెలుసుకుని, ఓపికగా కాపుకాయడమే ప్రేమ.